మోగని ఫోను మాటేమిటి?

బాపట్ల: సముద్రం మీద గాలి తిరిగినప్పుడు తీరగ్రామాల వారికి రేడియోతో పాటు జేబులోని ఫోను కూడా దిక్కయింది. ఫోను మోగుతుంది. ఎత్తితే, రికార్డు చేసిన గొంతు వేటకు పోవద్దనీ, పల్లపు ప్రాంతాలు ఖాళీ చేయమనీ చెబుతుంది. బాగానే ఉన్నది. మరి మోగకపోతే ఏమనుకోవాలి? ప్రమాదం లేదనా, చెప్పవలసిన యంత్రమే మూగబోయిందనా? ఊళ్ళో ఉన్నవారికి ఈ రెండింటి తేడా తెలిసే మార్గం లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది మందిని బలిగొన్నది. నాడు కబురు ఊరి దాకా చేరడమే గగనం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటేనాటికి ఫోను లేని ఇల్లు అరుదు. కబురు చేరే దారి పెరిగింది గాని, ఆ దారి మధ్యలో తెగితే ఎవరికి తెలుస్తుందన్న ప్రశ్న అలాగే ఉన్నది.

ఈ పని చేసేది సర్వరు అనే కంప్యూటరు. గొంతు రికార్డులూ, ఫోను నంబర్ల జాబితాలూ అందులో ఉంటాయి. టెలిఫోను కంపెనీ ఇచ్చిన లైన్ల మీద అది వరుసగా కాల్స్ చేస్తుంది. సర్వరును కనిపెట్టి ఉండడానికి వేరే ప్రోగ్రాము ఉంటుంది. కొద్ది నిమిషాలకోసారి "ఉన్నావా?" అని అడిగి, జవాబు రాకపోతే "సేవ అందుబాటులో లేదు" అని సిబ్బందికి అలారం పంపుతుంది. చిత్రమేమంటే కొన్నిచోట్ల ఆ అలారాన్ని కూడా అదే సర్వరు, అదే లైను మీదుగా పంపే ఏర్పాటు చేస్తారు. ఇల్లు కాలుతుంటే, కాలుతున్న ఇంట్లోని వాడినే కేక వేయమన్నట్లు! అలారం వేరే దారిలో రావాలన్నది మొదటి సూత్రం.

అలారం వచ్చాక ఏమి చేయాలి? చాలామంది చేసేది యంత్రాన్ని ఆపి మళ్ళీ వేయడం. అలారం ఆగుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. ముందు చిట్టా చూడాలి, ఏ నిమిషాన ఏది ఆగిందో అందులో ఉంటుంది. గొంతు రికార్డులు పేరుకుపోయి డిస్కు నిండిందేమో చూడాలి. సర్వరు బాగానే ఉండి టెలిఫోను లైను తెగిందేమో చూడాలి. ఇక గడువు తీరిన సర్టిఫికెట్టు ఒకటి. యంత్రాలు ఒకదానినొకటి నమ్మడానికి వాడే ఈ గుర్తింపు పత్రానికి లైసెన్సులాగే తేదీ ఉంటుంది. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లోని ఓ2 కంపెనీ నెట్‌వర్కులో కోట్లాది మందికి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎరిక్సన్ సరఫరా చేసిన సాఫ్ట్‌వేరులో సర్టిఫికెట్టు గడువు తీరడమే కారణమని తేలింది. అంత పెద్ద కంపెనీలే తేదీ మరిచిపోతే చిన్న కార్యాలయాల సంగతి చెప్పాలా!

అలారం ఊరికే మోగుతూ ఉన్నా ప్రమాదమే. రోజుకు పదిసార్లు ఉత్తుత్తిగా మోగితే, నాన్నా పులి కథలో లాగా పదకొండోసారి ఎవరూ లేవరు. అంతకన్నా మోసకారి పచ్చదీపం. "ఉన్నావా?" అంటే "ఉన్నాను" అని సర్వరు చెబుతూనే ఉంటుంది, ఊళ్ళో ఫోను మాత్రం మోగదు. కనుక బయటి నుంచి పరీక్ష కావాలి. తీరంలో ఒక గ్రామంలోని ఫోనుకు రోజూ ఒక కాల్ చేసి, అవతల మనిషి గొంతు విన్నాడా లేదా అని అడిగితేనే సేవ ఉన్నట్లు లెక్క.

అన్నీ సవ్యంగా ఉన్నా మరో చిక్కు ఉన్నది. వంద లైన్లున్న సర్వరు నిమిషం నిడివి గల సందేశాన్ని గంటకు 6,000 ఫోనులకు మించి వినిపించలేదు. లక్ష ఫోనులకైతే పదహారు గంటలు దాటుతుంది. జాబితాలో చివర ఉన్నవారికి కబురు అందేసరికి గాలి వచ్చేస్తుంది. ఊరి పేర్లలో మొదటి అక్షరాన్ని బట్టి కాక, సముద్రానికి దగ్గరైన ఊరు ముందు వచ్చేలా జాబితా వేయవలసింది ఇందుకే. టవర్ల నుంచి అన్ని ఫోనులకూ ఒకేసారి సందేశం పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతికి ఈ బాధ లేదు. మన దేశంలో 2023లో దాన్ని పరీక్షించారు. అయితే టవరుకు కరెంటు పోతే రెండూ ఒకటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఫోనులు మూగబోయిన సంగతి అక్కడివారు మరువలేదు. మైకునూ, దండోరానూ అటకెక్కించే కాలం ఇంకా రాలేదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

జాబితాలో నంబరు మారినవారు, సిమ్ము పారేసినవారు ఎందరో ఉంటారు. తమ నంబరు సరిగా ఉన్నదో లేదో గ్రామస్థులు పంచాయతీ కార్యాలయంలో అడిగి దిద్దించుకోవచ్చు. అధికారులు చేయవలసింది ఇంకొకటి ఉన్నది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫానుల కాలం. సెప్టెంబరులోనే ముందుగా చెప్పి ఒక పరీక్ష కాల్ చేసి, నిజాంపట్నంలో ఎన్ని ఫోనులు మోగాయో, సూర్యలంకలో ఎన్ని మోగలేదో లెక్క తీసి పంచాయతీ బోర్డు మీద అంటించాలి.