కారుకు శాలువానా?

నాది తమిళ మీడియం, తప్పులుంటే మన్నించండి.

మన అబ్బాయొకరు లిమిటెడ్ ఎడిషన్ స్పోర్ట్స్ కారు కొన్నారట, ఉగాదికి సన్మానమట. ఆయన డబ్బు, ఆయనిష్టం. దానికి సంఘం శాలువా ఎందుకండీ?

ఫెరారీవాళ్లు ఎంజో కార్లు 399 అమ్మి, 400వది పోప్ రెండో జాన్ పాల్‌కు ఇచ్చారు. 2005లో దాన్ని వేలం వేసి, ఆ డబ్బు సునామీ బాధితులకిచ్చారు. సునామీ అంటే ఏమిటో నాగపట్నం, కడలూరు చూసినవాళ్లకు చెప్పాలా? తక్కిన 399 ఎవరి షెడ్డులో ఉంటే మనకేమిటి?

ఆదివారం మన పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే టీచరమ్మకు బస్సు చార్జీ కూడా ఇవ్వలేకపోతున్నాం. ముందు ఆమెకు కప్పండి. ఆ అబ్బాయి ఈ క్లాసు ఖర్చు భరిస్తే, రెండో శాలువా నా పెన్షన్‌తో నేనే కొంటాను.