సెకనులో మూడవ వంతు
1991 ఫిబ్రవరి 25వ తేదీ రాత్రి సౌదీ అరేబియాలోని ధహ్రానులో ఇరాకు స్కడ్ క్షిపణి సైనికావాసముపై బడి 28 మంది అమెరికా సైనికులు మరణించిరి. నూరు గంటలకు పైగా విరామమెరుగక పనిచేసిన పేట్రియాట్ క్షిపణినిరోధక రక్షణవ్యవస్థలో, సెకనులో పదియవ వంతును కంప్యూటరు పూర్ణముగా లెక్కింపజాలకపోవుటచే సూక్ష్మదోషము పేరుకొని, కాలగణన 0.34 సెకను తప్పగా, సెకనుకు కిలోమీటరున్నరకు పైగా పరుగెత్తు క్షిపణిని రాడారు అర కిలోమీటరుకు మించి తొలగిన చోట వెదకి, ఏమియు గానక యూరకుండెను. చాలసేపు నడిపినచో గురి తప్పునను హెచ్చరిక యంతకుముందే వచ్చినది. ఎన్ని గంటలో మాత్రము అందు లేదు! సవరించిన సాఫ్ట్‌వేరు దాడి జరిగిన మరునాడు చేరినది. యంత్రమునొకమారు ఆపి తిరిగి నడిపియున్న గణన సరిపడెడిది. ప్రతిక్షిపణుల వేగమును వేనోళ్ల గొనియాడు ప్రభుత్వములు, జాడపట్టు లెక్కలను నిరంతరము పరీక్షించుటయందును, తెరముందు కూర్చుండు సిబ్బందికి స్పష్టమైన సూచనలిచ్చుటయందును అంతటి శ్రద్ధయే చూపవలెను.