సంగమం దగ్గర ఎంతసేపు?

హనుమకొండలో పొద్దున్నే బయల్దేరిన కారు పదింటికల్లా కాళేశ్వరం చేరుతుంది. గోదావరిలో మూడు మునకలు, గుళ్లో దర్శనం, ఒకే పానవట్టం మీద రెండు లింగాలను చూసి కాసేపు ఆశ్చర్యం, బయట కొట్టు దగ్గర చాయ్. పన్నెండున్నర అయ్యేసరికి ఎవరో ఒకరు అననే అంటారు: "ఇంకేమున్నదే చూసేటందుకు? పోదాం పా, పొద్దుగూకే యాళ్లకు ఇల్లు చేరుతం." సుమారు 115 కిలోమీటర్లు వచ్చినవాళ్లు రెండున్నర గంటలుండి, మళ్లీ అంత దూరమూ తిరిగిపోతారు.

ఆ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఇది క్షేత్రం, చూసిపోయే ఊరు కాదు, దీన్ని ఇలాగే ఉండనివ్వండి అనేది ఒకటి. ఇంత నదీ ఇంత చరిత్రా ఉండి, కాళేశ్వరం ఉన్న భూపాలపల్లి జిల్లా అంటే బొగ్గూ ఇసుకా మాత్రమే గుర్తుకు రావడమేమిటి, పర్యాటకం పెంచండి అనేది రెండోది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనుక ఈ తగువును ఇప్పుడు తూచి చూడటం మంచిది.

మొదటి జవాబును చాదస్తమని కొట్టిపారేయలేం. కాళేశ్వరానికి జనాన్ని నడిపించే మూలకారణం మరణం. ముక్తేశ్వరుడు అడిగినవాళ్లందరికీ మోక్షమిచ్చేస్తుంటే యముడికి పనే లేకుండా పోయిందట. అతను మొరపెట్టుకుంటే శివుడు తన పక్కనే అతని లింగానికీ చోటిచ్చి, ముందు కాళేశ్వరుణ్ని పూజించాకే నా దగ్గరికి రావాలన్నాడని స్థలపురాణం. మోక్షానికైనా యముడి గడప దాటాల్సిందేనన్నమాట. అందుకే తెలంగాణ పల్లెల నుంచే కాక మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కూడా అస్థికల కుండ పట్టుకుని ఇక్కడికి వస్తారు. ఘాటు మీద ఒకాయన తండ్రికి పిండం పెడుతుంటాడు. పది అడుగుల అవతల పెళ్లికి ముందు ఫొటోషూట్, నెత్తిమీద డ్రోన్ రొద. ఇక్కడ అడుగుతున్నది మడీ ఆచారమూ కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి కాస్త చాటు.

రెండో జవాబులోనూ అంతే బరువుంది. పవిత్రత పేరు చెప్పి ఊరిని ఉన్నదున్నట్టు ఉంచితే ఆ భారం ఎవరిమీద పడుతుంది? తడి బట్టలు మార్చుకునే గది లేకపోతే ఇబ్బంది ఆడవాళ్లది. మరుగుదొడ్డి లేకపోతే అవస్థ ముసలివాళ్లది. కొబ్బరికాయల కొట్టు, ఆటో, పూలబుట్ట, మంగలి కత్తి, నాటుపడవ అన్నీ వచ్చే జనం మీదే బతుకుతాయి. ఒకప్పుడు అవతలి ఒడ్డున ఉన్న సిరొంచకు పోవాలంటే పడవే దిక్కు. వంతెన వచ్చాక దారి సుఖమైంది కానీ, పడవవాళ్ల పని పలచబడింది. ఆ కుటుంబాలతో పర్యాటకం వద్దని చెప్పడానికి నోరు రాదు.

2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన సరస్వతీ పుష్కరాలను ఇరుపక్షాలూ తమ సాక్ష్యంగానే చెప్పుకుంటాయి. ఘాటు మీద సరస్వతీ విగ్రహం, టెంట్ సిటీ, కాశీ నుంచి వచ్చిన పండితుల హారతి, కిక్కిరిసిన రోడ్లు. జనం వస్తేనే కదా వసతులొచ్చాయి అంటారు వీళ్లు. పన్నెండు రోజుల జనాన్ని మోయలేక ఊరు ఉక్కిరిబిక్కిరైందంటారు వాళ్లు. రెండూ నిజమే.

దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ చెప్పే పాఠం వేరు. 2019 జూన్ 21న ప్రారంభమయ్యాక ఆ 85 గేట్లను చూడటానికి జనం బస్సుల్లో తరలివచ్చారు. 2023 అక్టోబర్ 21న పియర్లు కుంగాయి. ఆంక్షలు వచ్చాయి, సందడి సద్దుమణిగింది. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు మంచిచెడ్డలు ఇక్కడి విషయం కాదు. ఒకే వింతను చూపించి జనాన్ని పిలిస్తే, ఆ వింత చెడిన రోజున బండి మీద మిర్చి బజ్జీలు అమ్ముకునేవాడి బతుకు కూడా దానితోపాటు కుంగుతుంది.

కాళేశ్వరంలా నదులు కలిసే ఊరే జర్మనీలో ఒకటుంది, పేరు పాసావ్. డాన్యూబ్, ఇన్, ఇల్త్స్ అనే మూడు నదులు అక్కడ కలుస్తాయి. ఆల్ప్స్ మంచు నీటితో ఇన్ లేత ఆకుపచ్చగా, అడవి తేమనేలల నుంచి వచ్చే ఇల్త్స్ నల్లగా ఉండి, మూడు రంగులూ కొంతదూరం విడివిడిగానే సాగుతాయి. అక్కడి మూడో నది కంటికి కనిపిస్తుంది, గోదావరీ ప్రాణహితలతో కలుస్తుందనే మన మూడోది, సరస్వతి, అంతర్వాహిని. ఊళ్లోని సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్‌లో 17,974 గొట్టాల ఆర్గాన్ ఉంది. 2013 జూన్‌లో డాన్యూబ్ 12.89 మీటర్లకు ఎగబాకి ఐదు వందల ఏళ్లలో కనీవినీ ఎరుగని వరద తెచ్చింది. ఏ ఏడు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో పాత టౌన్‌హాల్ గోడమీద గీతలు గీసి పెట్టుకున్నారు.

అన్నీ ఉన్న అలాంటి నదీతీర పట్టణాలకూ ఒక ఫిర్యాదుంది. పెద్ద పెద్ద విహార నౌకల్లో దిగేవాళ్లు గంటా రెండు గంటలు వీధుల్లో తిరిగి, తినడానికీ పడుకోవడానికీ మళ్లీ నౌక ఎక్కేస్తారు. వీధుల్లో రద్దీ మిగులుతుంది, రూపాయి మిగలదు. మన కారుకీ వాళ్ల నౌకకీ తేడా ఏముంది? ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, విస్తరాకులు ఒడ్డున వదిలి, మధ్యాహ్నానికి బండి తిప్పేవాళ్లు ఊరికి ఇచ్చేది చెత్తే. అందుకే తగువును క్షేత్రమా, పర్యాటకమా అని కాక, వచ్చినవాళ్లు ఎంతసేపు ఉంటారు అని అడిగితే సంగతి తేలికగా తేలుతుంది.

ఉండటానికి ఏముందంటారా? ఎండాకాలం సంగమం దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. ఎగువ ఆనకట్టల వల్ల గోదావరి చిక్కిపోయి ఇసుక మేటల మధ్య పాయగా ఉంటుంది. వార్ధా, వైన్‌గంగల నీళ్లు మోసుకొచ్చే ప్రాణహితే ఇక్కడ గోదావరికి ప్రాణం పోస్తుంది. వంతెన దాటితే సిరొంచ. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు అదే ముఖ్యపట్టణం. ఈ నది మీద లోపలి ప్రాంతాల దాకా స్టీమర్లు నడపాలని అప్పట్లో పెద్ద ఎత్తున పనులు మొదలుపెట్టి, 1871లో చేతులెత్తేశారు. గోదావరిని మన ఇష్టానికి వంచాలన్న కల మేడిగడ్డతో మొదలు కాలేదు. ఇంకా వెనక్కి పోతే, ఈ ప్రాణహిత లోయలోని యామన్‌పల్లి దగ్గరే కోటాసారస్ డైనోసార్ ఎముకలు దొరికాయి. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూసిన పిల్లల్లో ఎందరికి ఈ నది పేరు చెప్పి ఉంటారు?

మహాదేవపూర్‌లో నల్లమద్ది చెట్ల మీద పురుగును పెంచి, ఆ గూళ్ల నుంచి దారం తీసే దసలి పట్టు పని ఉంది. వరంగల్ దారిలో గణపురం కోటగుళ్లు, గుహల్లో ఆదిమానవుల బొమ్మలున్న పాండవుల గుట్టలు ఉన్నాయి. ఇవన్నీ రెండు రోజుల పని. తొందర జబ్బు ఈ జిల్లాది మాత్రమే కాదు. పెంబర్తి ఇత్తడి పనివాళ్ల సుత్తి చప్పుడు జనగామ హైవే పక్కనే ఉన్నా కార్లు ఆగవు. గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు తవ్వించి వేయించిన శాసనం మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఉంది. కాకతీయుల వంశవృక్షం చెప్పే రాయి అది. దానికోసం దారి మళ్లేవాళ్లు ఎందరు?

అయితే బస చేయండి అనడానికీ ఒక అభ్యంతరముంది, అది చిన్నది కాదు. గదులు ఎక్కడ కడతారు? 2022 జూలైలో గోదావరి తన ఒడ్డునే ఉన్న ఆ ప్రాజెక్టు కన్నెపల్లి పంప్‌హౌస్‌ను ముంచెత్తింది. అంత పెద్ద కట్టడానికే దిక్కులేకపోతే రిసార్టు ఏపాటి? నది కనిపించే కిటికీ కావాలంటే నది లోపలికి రావడానికీ సిద్ధపడాలి. పైగా రిసార్టు డబ్బు ఊళ్లో ఆగదు. పూల బుట్టలమ్మే ఆమెకు ఇంట్లో ఒక గది బాగుచేసుకోవడానికి అప్పు దొరికితే, యాత్రికుడు ఇచ్చే రోజు అద్దె ఆమె చేతిలోనే పడుతుంది.

ఇంకో అభ్యంతరం కూలిపని మనిషిది. అస్థికలు కలిపి సాయంత్రం బస్సుకే వెళ్లకపోతే అతనికి మర్నాటి కూలి పోతుంది. అతన్ని రాత్రి ఉండమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అతనికి కావాల్సింది శుభ్రమైన మరుగుదొడ్డి, నీడ, మోసపోకుండా కర్మ ముగించుకునే వీలు.

తూచి చూస్తే నాకు మొగ్గు ఇలా కనిపిస్తుంది. కర్మల ఘాటు వేరుగా ఉండాలి, అక్కడ కెమెరా ఉండకూడదు. ఈ విషయంలో మొదటి పక్షానిదే న్యాయం. వసతులు పుష్కరాలకు పన్నెండు రోజులు కాక ఏడాదంతా ఉండాలి, అవి వరద గీతకు ఎగువన, ఊరివాళ్ల ఇళ్లలో ఉండాలి. ఇక్కడ రెండో పక్షానిది న్యాయం. ఎంతమంది వచ్చారన్న లెక్క వేసి మురిసిపోయే అలవాటు మాత్రం ఇద్దరూ మానుకోవాలి. ఎంతమంది రాత్రి ఉన్నారన్నదే ఊరికి పనికొచ్చే లెక్క.

కార్లన్నీ వెళ్లిపోయాక, కొట్లు మూసే వేళకు ఘాటు ఖాళీ అవుతుంది. మసక చీకట్లో గోదావరీ ప్రాణహితా కూడా కళ్లకు కనపడకుండా పోతాయి. సంగమంలో అప్పుడు మూడూ అంతర్వాహినులే. పన్నెండున్నరకి బండి ఎక్కినవాళ్లు చూడకుండా పోయింది దీన్నే.