ట్రంకు పెట్టెలో ఏం ఉంచుకోవాలి?

మా ఇంట్లో బదిలీ కబురు ఎప్పుడూ వంటింట్లోనే తెలుస్తుంది. నాన్న ఫోన్ పెట్టేసి అమ్మ వైపు చూస్తారు. అమ్మ స్టవ్ తగ్గించి, "ఎక్కడికి?" అంటుంది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో అట్టపెట్టెలు మొదలవుతాయి. తోంగ్‌పాల్ మాకు నాలుగో ఊరు. ఇది చదువుతున్న మీలో కొందరికి ఈ లెక్క ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఈసారి ఆర్డరు రాగానే పిన్ని అమ్మకు ఒక వీడియో పంపింది. జపాన్‌కు చెందిన మారీ కోండో అనే ఆవిడ చెప్పే ఇల్లు సర్దే పద్ధతి అది. దాన్ని కోన్‌మారీ పద్ధతి అంటారు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆవిడ కార్యక్రమం వచ్చాక చాలా దేశాల్లో జనం బీరువాలు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. పద్ధతి తేలికే. గదుల వారీగా కాకుండా వస్తువుల వారీగా సర్దాలి. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, అన్నిటికన్నా చివర జ్ఞాపకాల వస్తువులు. ఒక రకానివన్నీ ఒకచోట కుప్ప పోసి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది నాకు సంతోషం ఇస్తోందా అని చూసుకోవాలి. ఇస్తే ఉంచుకోవాలి. లేకపోతే దానికి కృతజ్ఞత చెప్పి పంపించేయాలి.

ఇందులో మంచి ఉంది. అది ముందు ఒప్పుకుంటాను. బట్టలన్నీ మంచం మీద పోసినప్పుడు తమ్ముడికి ఎప్పుడో పొట్టయిపోయిన యూనిఫాంలు ఐదు బయటపడ్డాయి. అవి రెండు ఊళ్ళు మాతో తిరిగి వచ్చాయి. మూతలున్నాయి కానీ డబ్బాలు లేని టిఫిన్ సామాను ఒక సంచెడు దొరికింది. మనలాంటి ఇళ్ళకు ఇది ఉత్త అందం కోసం కాదు. బదిలీ అయితే ఎంత బరువుకు ఖర్చు ఇవ్వాలో ప్రభుత్వం లెక్క పెట్టింది. ఏడో వేతన సంఘం తర్వాతి నిబంధనల ప్రకారం లెవెల్ 4 వరకు ఉన్న ఉద్యోగికి 1500 కిలోలు, లెవెల్ 5కి 3000, ఆపై వారికి 6000 కిలోలు. మా నాన్నది 1500 లెక్క. బీరువా, మంచాలు, ఫ్రిజ్ ఎక్కించాక మూతలకు చోటెక్కడిది?

జ్ఞాపకాల వస్తువులను చివరికి ఉంచమనడం కూడా తెలివైన మాట. పాత ఫోటోలతో మొదలుపెడితే ఆ రోజు ఇక సర్దినట్టే!

ఇక నాకు నచ్చనివి. మొదటిది, సంతోషం అనే కొలత అన్నిటికీ సరిపోదు. గొడుగు చూసి ఎవరికి సంతోషం వస్తుంది? బస్తర్ వానలో బస్సు దిగినప్పుడు తెలుస్తుంది దాని విలువ. కాగితాల విషయంలో ఆవిడ ఇంకా గట్టిగా ఉంటారు. తప్పనిసరి అయినవి తప్ప అన్నీ తీసేయమంటారు. కానీ ఏది తప్పనిసరో మనకు కొత్త స్కూలు ఆఫీసు గది ముందు నిలబడితే గానీ తెలియదు. టీసీ నకళ్ళు, పాత మార్కుల కార్డులు, టీకాల కార్డు, నాన్న ఆర్డర్ల జిరాక్సులు ఉన్న మా ఆకుపచ్చ ఫైలు ఎవరికీ సంతోషం ఇవ్వలేదు. అది లేకపోతే మాత్రం అందరం ఏడ్చేవాళ్ళం.

రెండోది, తీసేశాక కావాలంటే మళ్ళీ కొనుక్కోవచ్చులే అనే ధీమా. తోంగ్‌పాల్ జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్ళే దారిలో ఉంది. వారపు సంతలో కూరగాయలు, చింతపండు, బుట్టలు దొరుకుతాయి. మిక్సీ జారుకు రబ్బరు కావాలంటే జగదల్‌పూర్ బస్సు ఎక్కాల్సిందే. ఈ ప్రాంతంలో ఎండబెట్టిన సొరకాయ బుర్రలో మంచినీళ్ళు తీసుకెళ్తారు. దాన్ని తుంబా అంటారు. దాన్ని చూసి, తక్కువ వస్తువులతో బతకడం ఎంత బాగుందో అని రాసేయడం తేలిక. కానీ వద్దనుకోవడం వేరు, లేకపోవడం వేరు. నిండిన బీరువా ఉన్నవాళ్ళకే ఖాళీ బీరువా ముచ్చటగా ఉంటుంది.

మూడోది, పాతది పారేయడమే దారి కాదు. మనకూ భోగి ఉంది. పాత చెక్కా చెదారం మంటలో వేస్తాం. కానీ పాత చీరలు వేయం. వాటిని స్టీలు సామాన్లావిడకు ఇచ్చి గిన్నె తీసుకుంటాం, లేదా బొంత కుడతాం. మా అమ్మమ్మ కుట్టిన బొంతలో తన చీరలు నాలుగు, అమ్మ ఓణీ ఒకటి ఉన్నాయి. చిరిగిన రోజున ఆ చీరలు ఎవరికీ సంతోషం ఇచ్చి ఉండవు. ఆ రోజే పారేసి ఉంటే ఈ బొంత ఉండేది కాదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి, ఎవరు తీసేయాలి అన్నది. కిందటి బదిలీకి నేను పరీక్షకు వెళ్ళిన రోజున పాత పేపర్లతో పాటు నా నోటుబుక్కు కూడా తూకానికి వెళ్ళిపోయింది. అందులో నా స్నేహితులు తలా ఒక పేజీ రాసిచ్చారు. అమ్మకు అది రఫ్ బుక్కులా కనిపించింది. తప్పు అమ్మది కాదు, ఆ రోజు లారీ వాకిట్లో ఉంది. కానీ ఆ పేజీలు మళ్ళీ రాయించుకోవడానికి ఆ ఊరు ఇప్పుడు నాకు లేదు. ఇంట్లో మరొకరి వస్తువులు వారికి చెప్పకుండా పారేయకూడదని మారీ కోండో కూడా చెప్పారు. ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ ఒకరికొకరు పంపుకోరు.

2023లో ఆవిడే, ముగ్గురు పిల్లలు పుట్టాక ఇల్లు మునుపటిలా సర్దడం కొంత వదిలేశానని చెప్పారు. నాకు అది విన్నాక ఆవిడ మీద గౌరవం పెరిగింది. పద్ధతి మన కోసం ఉండాలి గానీ మనం పద్ధతి కోసం కాదు.

అందుకని నా అభిప్రాయం ఇది. బట్టలకు, గిన్నెలకు కోన్‌మారీ వాడండి. కాగితాల ఫైలు జోలికి పోకండి. ఇచ్చేవి చిరగకముందే, ఉతికి ఇవ్వండి. పిల్లలకు తలా ఒక ట్రంకు పెట్టె ఇవ్వండి. అందులో ఏం ఉండాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. మనం ఊరు ఎంచుకోం, ఇల్లు ఎంచుకోం, స్కూలు ఎంచుకోం. ఒక పెట్టెడు సామానైనా మనం ఎంచుకోవాలి కదా.

ఈసారి అమ్మ నా పెట్టె దగ్గర ఆగి, "ఇది నీది, నువ్వే చూసుకో" అంది. విచిత్రం ఏమిటంటే, ఎవరూ తీయమనకపోయినా సగం నేనే తీసేశాను. బొంత మాత్రం పెట్టెలో పట్టలేదు. నాన్న దాన్ని టీవీకి చుట్టి తాడు కట్టారు.

— పదో తరగతి విద్యార్థిని, తోంగ్‌పాల్