ముందు హక్కు పత్రం, తర్వాతే సంతకం

వాతావరణ మార్పును తట్టుకోవాలంటే అడవులు నిలవాలి. అందులో నాకు పేచీ లేదు. 2030 నాటికి భూమిలో, సముద్రాల్లో 30 శాతాన్ని రక్షించాలని 2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఆదివాసుల హక్కులను గౌరవించాలని కూడా అందులోనే రాసుకున్నాయి. మన దగ్గర ఆ రెండో మాట ఎవరికీ గుర్తుండదు.

నల్లమలనే చూడండి. అమ్రాబాద్‌లో తేనె తీసి బతికే చెంచులను పులి పేరు చెప్పి బయటికి రమ్మంటారు. అదే అడవిలో 2019లో యురేనియం సర్వేకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. జనం ఎదురు తిరిగాక అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. పులికి అడ్డు చెంచు పెంటా, యురేనియం తవ్వకమా?

మా పరిశోధకుల తప్పూ ఉంది. అడవిని కార్బన్ టన్నుల్లో కొలుస్తాం. ఆ పట్టికల్లో మనిషికి గడి ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం స్పష్టంగా ఉంది. ముందు హక్కులు గుర్తించాలి. గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటేనే తరలించాలి. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో పులుల అభయారణ్యంలోనే 2011లో సోలిగలకు సామూహిక హక్కులు దక్కాయి. అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు?

అంబేడ్కర్ మనకిచ్చింది అడుక్కునే దయ కాదు, అడిగే హక్కు. పట్టా చేతికివ్వకుండా తీసుకున్న సంతకాన్ని 'స్వచ్ఛంద తరలింపు' అనకండి. అది ఖాళీ చేయించడమే.