సోదరీ సల్లాపము: సముద్రము దాటిన ముత్తవ్వ



గతమాసమున మా పెదతల్లి కుమారుని యింటినుండి యొక యుత్తరము వచ్చినది. అతడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున నుద్యోగము చేయుచు, అచ్చటి పిల్లనే పెండ్లాడినాడు. ఆ మఱదలి పూర్వులు నార్వేదేశమునుండి వలసవచ్చినవారు. ఆమె తన యమ్మమ్మకు ముత్తవ్వ యెవరో, ఏ యూరిదో కనుగొనవలెనని రెండేండ్లుగా పాటుపడుచున్నది. సమాధిఱాతిమీద "ఓల్సన్ గారి భార్య" అని మాత్రమే యున్నదట. తొమ్మండ్రు బిడ్డలను గని, బీడును పొలము చేసిన యిల్లాలికి ఱాతిమీద దన పేరైనను దక్కలేదు. ఆ మాట చదివి నాకు మనసు చివుక్కుమన్నది.

నార్వేవారి వలసకథ 1825 లో మొదలైనది. ఆ యేడు జూలైలో స్టవాంగర్ రేవునుండి "రెస్టొరేషన్" అను చిన్న యోడలో 52 మంది బయలుదేరిరి. అక్టోబరు 9 వ తేదీని న్యూయార్కు చేరునప్పటికి వారు 53 మంది! నడిసముద్రమున లార్స్ లార్సెన్ అనువాని భార్య యాడుబిడ్డను గనినది. అటుపిమ్మట నూఱేండ్లలో సుమారు 8 లక్షలమంది యా త్రోవనే పోయిరి. కొండలు, సముద్రపుపాయలు పోగా సాగునకు వచ్చు నేల యా దేశమున మిక్కిలి కొంచెము. పెద్దకుమారునికి పొలము పోయిన పిదప తక్కినవారు కూలికి నిలువవలసినదే. అమెరికా ప్రభుత్వమువారు 1862 శాసనముచే సేద్యము చేయువానికి 160 ఎకరములు ఊరక యిత్తుమనగా నెవరు కూర్చుందురు?

పోయినవారి జాడ తీయుటలో మొదటి చిక్కు పేరులోనే యున్నది. నార్వే పల్లెలలో మనకువలె స్థిరమైన యింటిపేరు లేదు. ఓలె అనువాని కుమారుడు ఓల్సెన్, కుమార్తె ఓల్స్‌దాటర్. "దాటర్" అనగా కూతురు. మన "దుహితృ" శబ్దమునకు దూరపుజుట్టమే. ఈ సంగతి చదివినపుడు చిన్ననాడు మా నాయనగారు నాచేత వల్లెవేయించిన అమరకోశము జ్ఞప్తికి వచ్చి సంతసించితిని. పెండ్లియైనను ఆ స్త్రీ తండ్రిపేరును విడువదు, చచ్చువఱకు ఓల్స్‌దాటరే. దీనికితోడు వారుండు పొలముపేరును చేర్చి వ్రాయుదురు. పొలము మాఱినచో నా పేరును మాఱును. ఇంటిపేరు స్థిరముగా నుండవలెనని యచ్చట శాసనమైనది 1923 లోనే. అమెరికా చేరినవారో, తండ్రిపేరునో పొలముపేరునో తోచినట్లు ఇంటిపేరు చేసికొనిరి. అందుచే నొకతల్లి బిడ్డలకే వేఱువేఱు పేర్లు గలవు. ఇక భార్యకు భర్తపేరే గతి.

మా మఱదలికి దారి చూపినది అమెరికాలోని నార్వేవారి లూథరను చర్చిపుస్తకము. అందు బిడ్డల బాప్తిస్మముల యెదుట పాదిరి తల్లిపేరును పాతపద్ధతినే, తండ్రిపేరుతో వ్రాసియుండెను. వేఱొకచోట ఆమె పుట్టిన ప్యారిష్ పేరు, అనగా నొక చర్చిక్రింది గ్రామసముదాయము పేరు, కనబడెను. అది టెలెమార్కులోనిది. పేరు, తండ్రిపేరు, ప్యారిష్ ఈ మూడును దొరకినచో సముద్రమును దాటవచ్చును.

నార్వేలో పాదిరులు పుస్తకములు వ్రాయవలెనని 1685 లోనే కట్టడి యేర్పడెను. 1812 నుండి అచ్చు గడులుగల పుస్తకములు వచ్చెను. అప్పటినుండి పాదిరి యొకటియు, చర్చిలో పాటలు నడపు సేవకుడు వేఱొకటియు వ్రాయుచుండిరి. ఆ రెండును రాత్రివేళ నొకే కప్పుక్రింద నుండరాదని నియమము. ఒకటి కాలిపోయినను వేఱొకటి దక్కవలెనని. ఈ యూహ నాకు మిక్కిలి నచ్చినది. ఇపుడు వారి జాతీయ దస్తావేజు భాండాగారమువారు ఆ పుటలనెల్ల ఛాయాచిత్రములుగా అంతర్జాలమున నుంచిరి. ఎవరైనను ఉచితముగా జూడవచ్చును. చదువుట మాత్రము సులభము కాదు. గాథిక్ లిపి, పాదిరి తొందరచేతివ్రాత! ఇంకను పాతవాటిలో తేదీకి బదులు ఫలానాపండుగ పిమ్మటి మూడవ యాదివారము అని యుండును. మనము తిథులు చెప్పుకొన్నట్లే కదా!

మఱదలు 1835 లో అదే పేరు, అదే తండ్రి, అదే పొలముగల బిడ్డను జూచి, దొరకినదని యింటిల్లిపాదికి మిఠాయి పంచినదట. కొన్ని దినములకు మరణముల పుటలు తెఱచిచూడగా, ఆ బిడ్డ మఱుసటియేడే పోయినది. చనిపోయిన బిడ్డ పేరును తరువాత పుట్టిన బిడ్డకు పెట్టుట వారి యాచారము. నిజమైన ముత్తవ్వ 1838 లో బుట్టినది. తండ్రి, తల్లి, పొలము, బాప్తిస్మపు సాక్షులు, పిదప కన్ఫర్మేషనునాటి లెక్కలో మశూచిటీకా వేయించిన సంగతి, అన్నియు గడులలో నున్నవి. సమాధిఱాతిమీద లేని మనిషి పుస్తకమున నిండుగా నిలిచినది.

అదే పుస్తకమున 1858 లో నామెకు మగబిడ్డ కలిగినట్లున్నది. ఆ పుస్తకములలో వివాహమున గలిగిన బిడ్డకును, వివాహము లేక కలిగిన బిడ్డకును వేఱు గుఱుతు. ఇది రెండవది. తండ్రి ఫలానావాడని తల్లి చెప్పిన పేరును వ్రాసియున్నది. 1861 లో ఆమె అమెరికాకు బోయినట్లు వలసల పుటలో గలదు. బిడ్డ పేరు మాత్రము లేదు.

తొంబదియొకటవ యేటనున్న యమ్మమ్మగారు ఈ మాట విని, "పుస్తకములు మూయుడు; మా యింట నీ మచ్చ లేదు" అని ముఖము త్రిప్పుకొనిరట. "వదినా, నీవేమందువు?" అని మఱదలి ప్రశ్న. మావారు "వ్రాసియున్నది వ్రాసియున్నదే, చెఱిపిన బోవునా?" అని పాఠము చెప్పినట్లు చెప్పిరి. పురుషుల కది సులభము. నే నిట్లు వ్రాసితిని: "మచ్చ యనుమాట పాదిరి గడిలోనిది, నీది కాదు. మూడేండ్ల బిడ్డను తల్లికప్పగించి యోడయెక్కిన యిరువదిమూడేండ్ల పిల్లను దలచుము. కాని పెద్దావిడను బలవంతపెట్టకుము. పుస్తకములు నూటయేబదియేండ్లు కాచుకొనినవి. ఆమె యడుగువఱకును కాచుకొనగలవు."

ఈ వారము రెండవ యుత్తరము వచ్చినది. పది దినములు మాటాడక యుండి, యొకనాటి యుదయమున కాఫీ త్రాగుచు నమ్మమ్మగారు తామే, "ఆ పిల్లవాడేమైనాడు?" అని యడిగిరట. అంతట 1865 జనాభాలెక్క తెఱచిరి. అందు మనుష్యులతోపాటు ఆవులు, గొఱ్ఱెలు, నాటిన బంగాళాదుంపల కొలతకూడ గలదు. తాతగారి పొలమున, రెండావుల నడుమ అన్నట్లు, ఎనిమిదవయేటి మనుమడు కనబడెను. 1873 లో వానికి కన్ఫర్మేషను జరిగెను. 1876 వలసల పుటలో వాని పేరు, ఎదుట "అమెరికా" అని యొకటే మాట.

క్రిస్టియానియా రేవులో 1867 మొదలు పోలీసువారు వ్రాసిన వలసపుస్తకములలో ప్రయాణీకుడు చేరబోవు చోటును వ్రాసియుందురు. అవి యిపుడు చూచుచున్నారట. తల్లి యున్న యూరికే టిక్కెట్టు తీసినాడేమో చూడుమని, భూతద్దము చేతబట్టుకొని అమ్మమ్మగారే రాత్రి పొద్దుపోవువఱకు మనుమరాలిని నిదురపోనీయకున్నారట.