నాలుగో జత బూట్లు ఎవరివి?

దసరా సెలవులకి గుమ్మఘట్టలో అమ్మావాళ్ళింటికి వెళ్ళినప్పుడు బెంగుళూరు నుంచి మా అక్క కూడా వచ్చింది, చేతిలో రెండొందల పేజీల నోట్‌బుక్‌తో. జనవరి చివర్లో కుటుంబమంతా మనాలి పక్కనున్న సోలంగ్‌కి వెళ్ళి స్కీయింగ్ నేర్చుకోవాలని వాళ్ళ సంకల్పం. పదహారేళ్ళ కొడుకు, పద్నాలుగేళ్ళ కూతురు. ఆ ఇంట్లో ఇప్పటిదాకా మంచు ముఖం చూసినవాళ్ళు లేరు. "ప్లానంతా మీ అక్కదే" అన్నాడు బావ, నిజంగానే గర్వంగా. "చదువుకున్నదానివి, ఏమన్నా మర్చిపోయినానేమో చూడవే" అని అక్క నోట్‌బుక్ నా ఒళ్ళో పెట్టింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, రాసినదానికంటే రాయనిది ముందు కనపడుతుంది. విమానం టిక్కెట్లు నాలుగు. హెల్మెట్లు మూడు. బూట్లు మూడు జతలు. శిక్షకుడి దగ్గర పాఠాలు ముగ్గురికి. నాలుగో మనిషి పేరు పక్కన ఇలా ఉంది: థర్మాస్, మందులు, విడి సాక్సులు, ఫోటోలు.

"మరి నువ్వు?" అన్నాను.

"నాదేముందే! ఈ వయసులో నేనేం జారేది? సామాన్లకాడ ఎవరో ఒకరుండల్ల గదా."

అక్కకి నలభై మూడు. నలభై ఆరేళ్ళ బావ పేరు మాత్రం ఆ ముగ్గురిలో ఉంది. ఆయన వయసు ఎవరికీ అడ్డు రాలేదు.

ఆ నోట్‌బుక్‌ని తక్కువ చేసి మాట్లాడలేను. అది పరిశోధన. మొదట ఔలీ అనుకుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి రోప్‌వే ఆగిపోయిందని తెలుసుకుని వద్దనుకుంది. గుల్మార్గ్ అంటే, 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఘోరం తర్వాత అత్తగారు వల్ల కాదన్నారు. ఆవిడ భయానికి సమాధానం చెప్పే పని కూడా అక్కదే. మనాలి దారిలో అద్దెకిచ్చే కోట్లు, గంబూట్లు మంచులో ఆడుకోడానికే తప్ప స్కీయింగ్‌కి పనికిరావని రాసుకుంది. పిల్లలు జీన్స్ చాలంటే, నూలుబట్ట మంచుకి తడిస్తే ఆరదని, ఒంట్లో వేడి లాగేస్తుందని చెప్పింది. పక్కనే రాయదుర్గంలో జీన్స్ కుట్టి బతికే ఆడవాళ్ళని చూస్తూ పెరిగిన మనిషి! బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ గురించి ఒక పేజీ ఉంది. పడినప్పుడు అది విడిపోవాలి, లేకపోతే మోకాలు మెలి తిరుగుతుంది. అందుకే మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నేర్పు చూసి దాన్ని బిగిస్తారు. ఇంత తెలిసినావిడ ఆ కుటుంబంలో ఒక్కతే. మంచు మీద అడుగు పెట్టనిదీ ఆవిడే!

దీన్ని మనం ప్రేమ అంటున్నాం, ఓపిక అంటున్నాం. శ్రమ అని మాత్రం అనడం లేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం మన దేశంలో ఎవరి సమయం ఎలా గడుస్తోందో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు. చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క తీస్తే ఆడవాళ్ళ వంతు 289 అయింది. అయిదేళ్ళకి పది నిమిషాల విముక్తి! అక్క మూడు నెలలుగా రాత్రి పదకొండు తర్వాత కూర్చుని రాసిన ఈ నోట్‌బుక్ ఏ నిమిషాల్లోకి వస్తుంది? వంటా కాదు, గిన్నెలు తోమడమూ కాదు. "సరదాగా ట్రిప్ ప్లాన్ చేసుకోవడం" కదా!

గుమ్మఘట్టలో కూర్చుని స్కీయింగ్ ముచ్చట్లేమిటని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. భైరవానితిప్ప ప్రాజెక్టు నిండిన సంవత్సరాలని మా ఊళ్ళో పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకుని చెప్తారు. వాన మొహం చాటేసి చెనిక్కాయ ఎండిపోయిన ఏడు జనం బెంగుళూరికి బిల్డింగు పనులకి పోతారు. ఆ ప్రయాణానికీ మూట కట్టేది ఆడమనిషే. రాగిపిండి, గిన్నెలు, రేషన్ కార్డు, అవ్వ దగ్గర వదిలిపోయే పిల్లకి బట్టలు, మేకలు ఎవరు చూడాలన్న ఒప్పందం, అన్నీ ఆమె తలలోనే. ఆకలి ప్రయాణాన్నీ, సరదా ప్రయాణాన్నీ ఒకే తాసులో తూచను. అలా తూచితే అన్యాయం. కానీ డబ్బొస్తే, చదువొస్తే ఈ చాకిరీ దానంతటదే పోతుందని మనకి చెప్పారే! పోలేదు. మూటలో వస్తువులు మారాయి, కట్టే చెయ్యి మారలేదు.

ఇక పిల్ల సంగతి. మన భాషలో ఆడదానికి "కాలు జారింది" అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మగవాడి కాలు జారితే కట్టు కడతారు, ఆడపిల్లది జారితే కథలు కడతారు. నడక నేర్చిన రోజు నుంచి జారకు, పడకు, కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చో అని పెంచిన పిల్లని తీసుకెళ్ళి జారడమే ఆటైన చోట నిలబెడుతున్నాం. స్కీయింగ్‌లో మొదట నేర్పేది పడడం, పడి లేవడం. ఆ తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక కొసలు ఎడం చేసి ఆగడం. అక్క కొడుక్కి పడడం నవ్వులాట. అక్క కూతురు నన్ను చాటుకి పిలిచి అడిగింది: "పిన్నీ, అందరి ముందరా పడితే?"

ఆ పిల్ల భయాల జాబితా నోట్‌బుక్‌లో లేదు. బైండింగ్ బిగించేవాడు అందరి ముందూ బరువెంత అని అడిగితే? సిగ్గుపడి తగ్గించి చెప్తే బైండింగ్ వదులుగా బిగిస్తారు, అక్కర్లేనప్పుడు ఊడి పడేస్తుంది. ఆ వారంలోనే బహిష్టు వస్తే? మంచు మీద పడిన ఎండ తిరిగి ముఖానికే కొడుతుంది. చర్మం కాలకుండా క్రీము, కళ్ళకి గాగుల్స్ ఇద్దరు పిల్లలకీ కావాలి. కానీ "పిల్ల నల్లబడుతుంది జాగ్రత్త" అని బంధువుల హెచ్చరిక ఒక్క పిల్లకే!

ఈ హెచ్చరికలు మన ఇళ్ళల్లోనే పుట్టాయనుకోకండి. చలికాలపు ఒలింపిక్స్‌లో మగవాళ్ళు 1924 నుంచీ స్కీ జంపింగ్ చేస్తున్నారు. ఆడవాళ్ళని రానిచ్చింది 2014లో, తొంభై ఏళ్ళకి. 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు అది వైద్యపరంగా స్త్రీలకి తగదన్నాడు. అదే 2014 మే 25న మన మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. కూలి చేసుకునే తల్లిదండ్రులు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు, భువనగిరి కొండ మీద మొదటి పాఠాలు. సోలంగ్ దగ్గరి బురువా ఊరి అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో అంతర్జాతీయ పతకం తెచ్చిన మొదటి భారతీయురాలైంది. ఆడపిల్లల కాళ్ళలో లోపం లేదు. వాళ్ళకి పడే హక్కు ఇవ్వని పెంపకంలో ఉంది.

ఆ హక్కు మాటల్లో చెప్తే పిల్లకి అందదు. తల్లి పడి లేవడం ఆమె కళ్ళారా చూడాలి. వాలు కింద థర్మాస్ పట్టుకుని నిలబడిన తల్లి కూతురికి ఏం నేర్పుతుంది? మరో ముప్ఫై ఏళ్ళకి నువ్వూ ఇక్కడే నిలబడాలని నేర్పుతుంది.

అందుకే అక్కకి నా సవరణలు రాసిచ్చాను. బూట్లు నాలుగు జతలు, పాఠాలు నలుగురికి. బావ పిల్లలకి గురువు కాకూడదు, ఆయనా తోటి విద్యార్థే. బరువు నిజం చెప్పాలి, అందరూ. పూటంతా కాకుండా కాసేపు నేర్చుకుని కాసేపు ఆగాలి. మందులూ సాక్సులూ కొడుకు సంచిలో, చెల్లెలి ప్యాడ్లు కూడా. వాడు చచ్చిపోడు. థర్మాస్ బావ మోస్తాడు. ఫోటోలు లేకపోతే కొంప మునగదు.

"డబ్బెక్కువైతాదే" అంది అక్క. నలుగురి ఖర్చులో మొదట కోసేది తన భాగమే కావడం మీకు కొత్తా?

వంటింట్లోంచి అంతా వింటున్న అమ్మ ఒక్క మాటంది: "దుడ్డు చాలకుంటే నలుగురూ ఒక దినం తక్కువుండి రాండి." ఇంత సులువైన లెక్క బావకి తట్టలేదు, అక్కకి తట్టలేదు, డాక్టరేటున్న నాకూ తట్టలేదు.

అక్క మూడు కొట్టేసి నాలుగు వేసింది, పెన్సిల్‌తో. జనవరిలోపు చెరిపేస్తుందేమోనని నాకు భయంగానే ఉంది. ఎందుకంటే, మూడు రోజుల కూర వండి ఫ్రిజ్‌లో పెట్టి స్త్రీవాదం మీద పత్రం చదవడానికి సెమినార్‌కి వెళ్ళే మనం కూడా మన లెక్కల్ని పెన్సిల్‌తోనే రాసుకుంటున్నాం. ఇకనైనా పెన్నుతో రాద్దాం.